ప్రసంగవేదిక దిగిన బోధకులు

బోస్టను నగరము పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. 1773లో తేయాకు పెట్టెలను సముద్రమున బారవైచి ఆంగ్లప్రభుత్వమును ధిక్కరించిన పౌరుల కథ మన బడిపిల్లలు సైతము చదువుకొన్నదే. అంతకంటె దగ్గఱి సంబంధ మింకొకటి కలదు. నెల్లూరిలోను ఒంగోలులోను మిషనులు నెలకొల్పిన అమెరికను బాప్టిస్టు బోధకులను పంపిన సంఘమునకు చిరకాలము ముఖ్యస్థానము ఆ నగరమే. 1876-78 నాటి ధాత కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును గుత్తకు దీసికొని ఆకొన్నవారికి కూలి కల్పించిన క్లౌ దొర ఆ సంఘము పంపినవాడే. 1878 జూలైలో ఒంగోలు చెంత ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మిప్పించినదియు నాయనయే. ఇట్లు దూరదేశములకు ధర్మమును పంపిన నగరము, నూఱేండ్లు గడచిన పిదప, తన గడపలోని పిల్లలే ఒకరినొకరు కాల్చుకొని చచ్చుచుండగా ఏమి చేయుటకును తోచక నిలిచినది. ఆ దినములలో అచ్చటి నల్లజాతి బోధకులు కొందఱు చేసిన పని మన దేశమున సేవాసంఘములు నడపువారు తెలిసికొనదగినదని యెంచి మే మిచ్చట వ్రాయుచున్నాము.

ఆ నగరమున రాక్స్‌బరీ, డార్చెస్టరు, మాట్టపాను అను పేటలు కలవు. నల్లజాతివారును, కరిబియను ద్వీపములనుండియు లాటిను అమెరికానుండియు వచ్చినవారును హెచ్చుగా నివసించు తావులవి. ఇట్టి పేటలను అమెరికనులు 'లోపలి నగర' మందురు. పేరున మాత్రమే లోపల. నగరవైభవమున కివి ఎన్నడును వెలుపలనే. ఈ నగరమునకు వేఱొక ప్రతిష్ఠయు గలదు. మార్టిన్ లూథర్ కింగు బోస్టను విశ్వవిద్యాలయమున వేదాంతము చదివి 1955లో డాక్టరు పట్టమందెను. చదువుకొను దినములలో రాక్స్‌బరీలోని పండ్రెండవ బాప్టిస్టు చర్చిలో ప్రసంగించుచుండెను. ఆ విశ్వవిద్యాలయపు ప్రార్థనామందిరమునకు 1953 మొదలు 1965 వఱకు అధిపతిగా నుండిన హోవర్డు థర్మను 1936 ఫిబ్రవరిలో సతీసమేతుడై బార్డోలికి వచ్చి గాంధీమహాత్ముని దర్శించి అహింసను గుఱించి చాలసేపు ప్రశ్నించినవాడు. అహింసాసందేశము కల్తీలేకుండ లోకమునకు నల్లజాతి మూలముననే చేరవచ్చునని మహాత్ముడు వారితో ననెను. ఆ మాట కింగు విషయమున నిజమైనది. కాని కింగు తిరిగిన వీథులలోనే మఱి ముప్పదియైదేండ్లకు బాలుర చేతులలో తుపాకులు వెలసినవి.

1988 ప్రాంతమున క్రాక్ అను పేరి కొకైను మత్తుమందు ఆ పేటలలో బ్రవేశించినది. అది చవుక సరకు. చిన్నచిన్న పలుకులుగా అమ్మవచ్చును. మూలమూలను ఒక అంగడి లేచినది. అంగడి కొక ముఠా, ముఠాకు తుపాకులు. 1990లో బోస్టనులో జరిగిన హత్యలు 152. ఆ నగరచరిత్రలో అంతకుమున్ను అన్ని జరిగియుండలేదు.

పోలీసువారి మాట యేమందురా? 1989 అక్టోబరులో ఒక శ్వేతజాతీయుడు గర్భవతియైన తన భార్యను తానే కాల్చి, ఎవడో నల్లవాడు కాల్చెనని చెప్పెను. పోలీసులు మిషను హిల్ అను పేటలో జొరబడి నల్లజాతి యువకులను వీథులలో నిలిపి, గోడలకు జేర్చి సోదాలు చేసిరి. 1990 జనవరిలో నిజము బయలుపడగా ఆ భర్త వంతెనమీదనుండి నీటిలో దుమికి చచ్చెను. అన్యాయముగ నిందపడిన యిద్దఱికి నగరాధ్యక్షురాలు బహిరంగముగ క్షమాపణ చెప్పుటకు 2023 డిసెంబరు రావలసెను. నలుబది నాలుగేండ్లు తక్కువ పది! ఇట్టి స్థితిలో ఆ పేటలవారు ముఠాలకు ఎంత భయపడిరో పోలీసులకును అంతయే భయపడిరనుటలో వింత లేదు. అధికారపు లాఠీకిని వీథిరౌడీ కత్తికిని నడుమ నలిగిన ప్రజ స్థితి మన పెద్దవారికి వర్ణించి చెప్పవలసినది కాదు.

ఇక చర్చిలు. ఆ పేటలలో చర్చిలకు కొదువ లేదు. ఆదివారమున పాటలు, ప్రసంగములు, చందాలు యథావిధిగ జరుగుచునే యుండెను. వచ్చువారిలో పెక్కండ్రు స్త్రీలు, వృద్ధులు, పేట విడిచి దూరమున ఇండ్లు కట్టుకొని ఆరాధనకు మాత్రము బండ్లలో దిగువారు. చర్చిమెట్లయొద్ద నిలుచు కుఱ్ఱవాడు లోనికి రాడు. లోనివారు వానిని పిలువరు. జెఫ్రీ బ్రౌను అను యువబోధకుడు కేంబ్రిడ్జి యూనియను బాప్టిస్టు చర్చికి పాదిరి. పెద్ద సంఘమును గూర్పవలెననునదియే తొలుత తన కోరికయని ఆయనయే పిమ్మట చెప్పుకొనెను. 1990లో ఆయన చర్చికి కొలదిదూరమున ఒక యువకుని, వాడు తొడిగిన తోలుకోటు కొఱకు, పొడిచి చంపిరి. పోటుతిన్నవాడు చర్చివైపు పరుగెత్తి, చేరకుండగనే పడిపోయెను. చేరియున్నను ఫలము లేకపోయెడిది, దీపములార్పి తలుపులు మూసియున్నవి, లోపల నెవ్వరును లేరు అని బ్రౌనుగారు సభలలో చెప్పుచుందురు. ఈ కథ వినిన పిమ్మట ప్రసంగముల మేలుకీడులను గుఱించి మేము వేఱుగ వ్రాయనక్కఱలేదు.

మఱి రెండేండ్లకు తలుపులు తెఱచియున్న చర్చిలోనికే ముఠా వచ్చినది. 1992 మే నెలలో మాట్టపానులోని మార్నింగ్ స్టార్ బాప్టిస్టు చర్చిలో, కాల్పులలో చనిపోయిన యొక యువకుని భూస్థాపన ఆరాధన జరుగుచుండగా, కొందఱు లోపల జొచ్చి, దుఃఖించుచు వచ్చినవారిలో నొక కుఱ్ఱవానిని శవపేటిక సాక్షిగా, సంఘమంతయు చూచుచుండ పొడిచిరి. తుపాకులును పేలినవి. చర్చియనిన నెంతటి దుర్మార్గుడైనను వెనుదీయునను నమ్మకము ఆ దినముతో నంతరించెను. కొలదిదినములలోనే బోధకులు సమావేశమైరి. ఆ వేసవిలో పుట్టినదే 'టెన్ పాయింట్ కొయలిషను', అనగా పది సూత్రముల కూటమి.

పది సూత్రములను వరుసగ నుదాహరించి పాఠకులను విసిగింపము. ఒక్కొక్క చర్చి యొక్కొక్క ముఠాను దత్తత చేసికొనవలెననునది మొదటిది. దత్తత యను మాటను వారు తెలిసియే వాడిరి. న్యాయస్థానములకు పిలువబడిన బాలుర పక్షమున నిలిచి మాటలాడుట, మత్తుమందు అమ్మువారితో వీథిలోనే ముఖాముఖి సంభాషించుట, పేటలో జీవనోపాధి కల్పించుట, హింసకు గురియైన స్త్రీలకు ఆశ్రయము చూపుట మున్నగునవి తక్కినవి. కాగితముమీద సూత్రములు వ్రాయుట యే దేశమునను కష్టము కాదు. మన మహాసభల తీర్మానములను మోసిన బండ్లెన్నియో!

ఈ కూటమిలో మువ్వురు ముఖ్యులు. రే హామండు వైద్యుడు, హార్వర్డులో చదివి శస్త్రవిద్య నేర్చినవాడు. ఆయన భార్యయు వైద్యురాలు, బోధకురాలును. బ్రౌనును గుఱించి చెప్పితిమి. మూడవవాడు యూజీను రివర్సు. చిన్ననాట ఫిలడెల్ఫియాలో ముఠాలో తిరిగి, పిమ్మట క్రీస్తుభక్తుడై, హార్వర్డులో చేరి పట్టము పుచ్చుకొనకయే వెడలినవాడు. చదువుకొన్న మిత్రులు కొందఱితో 'అజూజా క్రైస్తవ సమాజ'మును స్థాపించి, డార్చెస్టరులో ఫోర్ కార్నర్సు అను చోట కాపురముండెను. 1906లో లాస్ ఏంజిలెసులోని అజూజా వీథిలో విలియము సీమోరను నల్లజాతి బోధకుడు నడపిన ఉజ్జీవమును బట్టి ఆ పేరు. ఊరి మేలిచోట నివసించి పేదపేటకు సేవచేయ వచ్చిపోవు పద్ధతి ఆయనకు సరిపడలేదు. అందులకు ఫలముగా 1991లో ఆయన యింటిలోనికి తుపాకిగుండ్లు దూసికొని వచ్చినవి. అయినను ఇల్లు మార్చలేదు.

రివర్సు ఒకప్పుడు ఆ పేటలోని మత్తుమందుల బేహారి నొకని, ఈ పిల్లలు మాకు కాక మీ కేల వశమైరని యడిగెను. వాడు చెప్పిన సమాధానము అమెరికాదేశమంతట ప్రసిద్ధికెక్కినది. ఉదయము పిల్లవాడు బడికి పోవునప్పుడు వీథిలో నుండువాడను నేను, నీవు లేవు. సాయంకాలము మరలి వచ్చునప్పుడు నుండువాడను నేను, నీవు లేవు. అవ్వ రొట్టెకై అంగడికి పంపినప్పుడును నేనే యుందును, నీ వుండవు. కావున గెలుపు నాది, ఓటమి నీది యని దాని సారాంశము. ఇంతకంటె తీక్ష్ణమైన విమర్శ యే పీఠాధిపతియు, ఏ పత్రికారచయితయు ఆ చర్చిలను గుఱించి చేసియుండలేదు. అది యొక విషవర్తకుని నోట వెలువడుట కాలవైచిత్ర్యము.

అంతట బోధకులు శుక్రవారము రాత్రులు పది గంటలకు బయలుదేఱి తెల్లవాఱుజాము రెండు గంటలవఱకు ఆ వీథులలో నడువసాగిరి. మొదట వెంటవచ్చినవారు కొలదిమంది. ముఠా యువకులు కొన్ని వారములు వారిని దూరమునుండి చూచుచు నూరకుండిరి. టెలివిజను బండ్లు వెంట వచ్చునా, ఒక నెలకు మానుదురా, మఱి దేనికైన వచ్చిరా యని పరీక్షించిరి. బోధకులు వచ్చుచునే యుండిరి. అప్పుడు మాటలు కలిసినవి. బోధకులు ప్రసంగము చేయలేదు. ఈ పేటను పగలు మే మెఱుగుదుము, రాత్రి తొమ్మిది దాటినపిదప మాకు తెలియదు; మీకు తెలియును, చెప్పుడని వారినే యడిగిరి. ప్రసంగించుటకు శిక్షణ పొందినవారు వినుటకు నేర్చుకొనిరి. వారిలో కొందఱు రొమ్ము విఱిచి తిరుగుచున్నను పెక్కండ్రు భయముతోడనే తుపాకి పట్టినవారనియు, ఇంటికి క్షేమముగ చేరినచో చాలునని కోరువారనియు వారికి బోధపడినది.

ఇక కఱకైన ప్రశ్న. పిల్లవాడు బోధకుని నమ్మి తన సంగతి చెప్పుకొనును. వానికి తెలిసిన మఱియొకడు రేపు ఒకని చంపనున్నాడు. బోధకుడేమి చేయవలెను? పోలీసులకు చెప్పినచో వేగుల వాడగును. చెప్పకున్న శవపేటికముందు మరల ప్రార్థన చదువవలెను. రివర్సు తొలిదినములలో పోలీసులకు బద్ధవిరోధి. న్యాయస్థానములో పిల్లల పక్షముననే నిలిచెడివాడు. తన యిల్లు గుండ్లపాలైన పిదప ఆయన దృష్టి క్రమముగ మారినది. కొన్నేండ్ల రాకపోకలమీద ఉభయులకును ఒక యొడంబడిక, కాగితమున వ్రాయనిది, ఏర్పడినది. ఎంతచెప్పినను మారక చంపుచునేయుండు కొలదిమందిని చెఱకు పంపుటకు బోధకు లడ్డురారు, అవసరమైన సహాయపడుదురు. తక్కిన పెద్దసంఖ్యను పోలీసులు పురుగులవలె చూడరాదు. వారికి చదువు, పని, ఆశ్రయము చూపు బాధ్యత యందఱిది. పోలీసులు హద్దుమీఱినయెడల బోధకులు బహిరంగముగ ఖండింతురు. పద్ధతిగ నడచినయెడల ఆ మాటయు బహిరంగముగనే చెప్పుదురు.

ఈ యొడంబడికకు వెంటనే అగ్నిపరీక్ష వచ్చినది. 1994 మార్చిలో సాయుధులైన పోలీసులు మత్తుమందులకై డార్చెస్టరులో నొక యింటిమీద బడిరి. అది వారు వెదకిన యిల్లు కాదు. అందు నివసించుచుండినది 75 ఏండ్ల వృద్ధుడు, పని విరమించిన మెథడిస్టు బోధకుడు. ఆయనను తఱిమి పట్టి సంకెళ్లు వేయగా గుండె యాగి మరణించెను. మఱియొక నగరమైనచో తగులబడెడిది. పోలీసు కమిషనరు పాల్ ఎవాన్సు తప్పు తమదేయని జాగుచేయక ఒప్పుకొని క్షమాపణ కోరెను. బోధకులు కోపమును దాచుకొనలేదు, పేటను రెచ్చగొట్టనులేదు. హార్వర్డు సమాజశాస్త్రాచార్యుడు క్రిస్టఫర్ విన్‌షిపు ఈ సంబంధమును పరిశోధించి, బోధకులు పోలీసులకు పట్టినది సాధుత్వమను గొడుగని వర్ణించెను. ఆ గొడుగు న్యాయముగ నడచినంతవఱకే, అన్యాయము చేసిన వెంటనే ముడుచుకొనును. పోలీసుతో నేవిధమైన సంపర్కమును కూడదను పట్టుదలలో పెరిగిన మావంటివారికి ఈ మార్గము మొదట రుచింపదు. కాని విదేశప్రభుత్వపు పోలీసుతో సహాయనిరాకరణ వేఱు. తమ వోట్లతో నిలిచిన నగరపాలనలో పోలీసును న్యాయమునకు లోబఱచుకొనుట వేఱు. రెండవది మొదటిదానికంటె కష్టతరమని మా యభిప్రాయము.

1995లో హార్వర్డు పండితులు డేవిడ్ కెనెడీ, ఆంథొనీ బ్రాగా, ఆన్ పీల్ అనువారు పోలీసులతో గూడ లెక్కలు తీసిరి. నగరమున 61 ముఠాలు, వానిలో సుమారు 1,300 మంది. ఆ యీడు యువకులలో వీరు నూటికి ఒక్కరైన లేరు. కాని యువకుల హత్యలలో నూటికి 60 వంతులైనను వీరికి సంబంధించినవే. పేటయంతయు నేరస్థుల పేటయను నింద ఈ యొక్క లెక్కతో కూలిపోయినది. 1996లో ముఠాలవారిని సమావేశములకు పిలిపించి, పోలీసు, న్యాయవాది, బోధకుడు, వీథిసేవకుడు ఒక్క వేదికనుండి, చంపుట మానుడు, మానినవానికి సహాయము సిద్ధము, మాననివాని ముఠా యంతటిమీదను చట్టము పడునని చెప్పిరి. దానికి 'సీజ్‌ఫైర్' అని పేరు.

ఫలములు చూడుడు. 1995 జూలై మొదలు 1997 డిసెంబరు వఱకు, దాదాపు రెండున్నర యేండ్లు, ఆ నగరమున పదునేడేండ్లలోపు బాలుడొక్కడును తుపాకిగుండుచే చావలేదు. 1990లో 152గా నుండిన హత్యలు 1999లో 31. పత్రికలు దీనిని 'బోస్టను మహిమ' యనినవి. అదే కాలమున అమెరికాలోని ఇతర నగరములలోను హత్యలు తగ్గినవి, క్రాక్ వ్యాపారము తనంత దాను సన్నగిల్లినది, ఉద్యోగములు పెరిగినవి. కావున సమస్తమును బోధకుల ఖాతాలో వ్రాయుట సరికాదు. సీజ్‌ఫైరు వలన యువకుల హత్యలు నెలకు సగటున నూటికి 63 వంతులు తగ్గినవని ఆ పండితులు లెక్కగట్టిరి. ఆ లెక్కపై వాదములు కలవు. వాదము లెట్లున్నను, బోధకులు లేనియెడల ఆ సమావేశములకు ముఠాలవారు వచ్చి చెవియొగ్గియుందురా యని మాకు సందేహము.

ఇక్కడ మా వృత్తివారిని గుఱించి యొక మాట. 1998 జూన్‌లో 'న్యూస్‌వీక్' పత్రిక రివర్సు చిత్రమును ముఖపత్రమున వేసినది. రివర్సు సంఘము పేటలో నొక పాడుబడిన యింటిని, మునుపు క్రాక్ అమ్మకము జరిగినదానిని, బాగుచేసి బాలుర కేంద్రముగ జేసి, దానికి ఎల్లా బేకరు పేరు పెట్టియుండెను. ఎల్లా బేకరు నల్లజాతి హక్కుల యుద్యమమున, నాయకుని చుట్టు ఉద్యమమును త్రిప్పుట తగదని, సామాన్యులే తమ పనిని నడపుకొనవలెనని జీవితాంతము వాదించిన మహిళ. ఆమె పేరి యింటినుండి ఒక్క నాయకుని ముఖము దేశమంతట వ్యాపించినది. పత్రికలకు ఒక్క ముఖము కావలయును. నలుబదిమంది నడచిన రాత్రిని చిత్రమున బట్టుట కష్టము. కీర్తి వచ్చిన వెంటనే ఎవరి భాగమెంత యను తగవు బోధకులలోను, పోలీసులలోను, పండితులలోను పుట్టినది. ధనసహాయమును గుఱించియు, జాతీయస్థాయి సంస్థలను గుఱించియు మాటలు పెరిగి కూటమిలో నైకమత్యము సడలినది. 2000లో సీజ్‌ఫైరు ఆగిపోయెను. దానిని నడపిన పోలీసు అధికారులు వేఱు పనులకు బోయిరి. 2005 నాటికి హత్యలు మరల 70 దాటినవి. మహిమ అంతరించినదని వ్రాసినవియు ఆ పత్రికలే.

మహిమ యను మాటయే కీడు చేసినదని మేము తలంతుము. మహిమ యొకసారి జరిగి నిలుచునది. ఇది వంట వంటిది. నేడు వండినది రేపటికి రాదు. 1992లో పదిరెండేండ్ల బాలుడు 2002లో ఇరువది రెండేండ్లవాడు. వాని వెనుక వచ్చిన తరమునకు పాత సంధులు తెలియవు, పాత బోధకుని ముఖము తెలియదు. చెఱకు పంపబడినవారు శిక్షతీఱి ఆ యేండ్లలోనే తిరిగి వచ్చిరి. వారికొఱ కెవ్వరును సిద్ధముగ లేకుండిరి. శుక్రవారపు నడక యొక్క వారము తప్పినచో అంగడివాడు తప్పడు.

మన విజయవాడ, విశాఖ, హైదరాబాదు నగరములలో చర్చిలు, గుడులు, మసీదులు, భజనమందిరములు లెక్కకు మించియున్నవి. మురికివాడల నడుమనున్నవియు పెక్కు. అచ్చట గంజాయి అమ్మువాడు ఏ గంటకు వచ్చునో అచ్చటి పిల్లల కందఱకు తెలియును. రాత్రి పది దాటిన పిదప ఆ మందిరములలో దీపము వెలుగుచుండునవి ఎన్నియో, ఆ ఆలయముల ధర్మకర్తలును సంఘపెద్దలును లెక్కించి చెప్పిన బాగుండును.

బోస్టనులో ఆ పిదప పడిలేచిన కథ దీర్ఘమైనది. సీజ్‌ఫైరు మరల నారంభింపబడినది. ఆస్పత్రులు, వీథిసేవకులు, పాఠశాలలు, నూతన సంఘములు ఆ పనిలో చేరినవి. జెఫ్రీ బ్రౌను తన యనుభవమును ఇతర నగరముల బోధకులకు చెప్పబోయెను. 2024లో ఆ నగరమున జరిగిన హత్యలు 24. 1957 తరువాత ఏ సంవత్సరమునను అంత తక్కువ లేవు. ఈ పర్యాయము ఏ పత్రికయు ముఖపత్రమున ఏ యొక్క బోధకుని చిత్రమును వేసినట్లు మా కంటబడలేదు.